ఆబ్జెక్ట్ ఫైల్ ఫార్మాట్ మీద సరైన డాక్యుమెంట్ ఎక్కడ దొరుకుతుంది? (సొంత కంపైలర్ రాస్తున్నా)

హన్మకొండ_కోడర్ · శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా, ఉండేది హన్మకొండ. ప్రాజెక్టు కోసం తెలుగు కీవర్డ్‌లతో ఒక చిన్న భాష చేసి, దానికి పైథాన్‌లో కంపైలర్ రాస్తున్నా. లెక్సర్ (కోడ్‌ను పదాలుగా విడగొట్టేది), పార్సర్ (వాటి వాక్య నిర్మాణం చూసేది) అయిపోయాయి. ఎక్స్86-64 మెషీన్ కోడ్ బైట్లు కూడా నా ప్రోగ్రామే తయారు చేస్తోంది. వాటిని డాట్ ఓ ఫైల్‌గా, అంటే లింకర్ కలిపి ప్రోగ్రాం చేసే ఆబ్జెక్ట్ ఫైల్‌గా రాయాలి. ఇక్కడ ఆగిపోయా.

పార్సింగ్ మీద అయితే పుస్తకాల్లో అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. ఆబ్జెక్ట్ ఫైల్ దగ్గరికి వచ్చేసరికి "ఇక మిగతాది అసెంబ్లర్, లింకర్ చూసుకుంటాయి" అని ఒక్క వాక్యంలో దాటేస్తున్నారు.

వెతగ్గా వెతగ్గా ఎల్ఫ్ (లైనక్స్ వాడే ఆబ్జెక్ట్ ఫైల్ ఫార్మాట్) స్పెసిఫికేషన్ 1.2 అని 1995 నాటి పీడీఎఫ్ ఒకటి దొరికింది. రెండు రోజులు దాని మీదే కూర్చున్నా. సింబల్ టేబుల్‌లో (ఫంక్షన్లు, వేరియబుళ్ల పట్టిక) ఒక్కో ఎంట్రీ 16 బైట్లు అని అందులో ఉంది. జీసీసీ (సీ కంపైలర్) చేసిన ఫైల్ తెరిచి చూస్తే 24 ఉంది. పీడీఎఫ్ తప్పా, నేను తప్పా? వచ్చే నెల రివ్యూ. టెన్షన్‌గా ఉంది.

జగిత్యాల_వాలా · శుక్రవారం రాత్రి 11:41

తమ్మీ, అసలు నీకు ఈ లొల్లి ఎందుకు? అసెంబ్లీ టెక్స్ట్ రాసి గ్నూ అసెంబ్లర్‌కు ఇచ్చెయ్. డాట్ ఓ అదే చేస్తుంది. జీసీసీ కూడా చేసేది అదే కదా. రెండు రోజుల్లో అయిపోతుంది, రివ్యూ గండం గట్టెక్కుతుంది.

హన్మకొండ_కోడర్ · శుక్రవారం రాత్రి 11:48

అన్నా, పోయిన రివ్యూలో "చివరి దాకా నా కోడే" అని గొప్పగా చెప్పి వచ్చా. ఇప్పుడు మాట మారిస్తే బాగుండదు.

జగిత్యాల_వాలా · శుక్రవారం రాత్రి 11:50

అయితే అనుభవించు 😄

సుబేదారి · శనివారం ఉదయం 7:15

పీడీఎఫ్ తప్పు కాదు, నువ్వూ తప్పు కాదు. అది 32 బిట్ ఇంటెల్ కాలానిది. నువ్వు రాస్తున్నది 64 బిట్ ఫైల్.

ఈ డాక్యుమెంట్లు దొరకనట్టు అనిపించడానికి కారణం ఒక్కటే, అన్నీ ఒకచోట ఉండవు. కేంద్రం చట్టం చేస్తుంది, రాష్ట్రం దానికి రూల్స్ రాసుకుంటుంది చూడు, ఎల్ఫ్ కూడా అలాగే రెండు ముక్కలు. యూనిక్స్ సిస్టమ్ 5 నుంచి వచ్చిన ఏబీఐ (ప్రోగ్రాంలు బైట్ల స్థాయిలో పాటించాల్సిన ఒప్పందం) పుస్తకం మొదటి ముక్క, దాన్ని జనరిక్ ఏబీఐ అంటారు. ఫైల్ హెడర్, సెక్షన్లు, సింబళ్లు, స్ట్రింగ్ టేబుల్ (పేర్లను దాచే చోటు) ఎలా ఉండాలో అందులో ఉంటుంది. ప్రాసెసర్ సప్లిమెంట్ రెండో ముక్క. ఎక్స్86-64కు ఒకటి, ఆర్మ్‌కు ఒకటి, రిస్క్-ఫైవ్‌కు ఒకటి. రీలొకేషన్ (లింకర్ తర్వాత నింపాల్సిన అడ్రస్‌ల చీటీ) నంబర్లు, వాటి లెక్కలు ఆ సప్లిమెంట్‌లోనే ఉంటాయి. మొదటి పుస్తకంలో ఎన్నిసార్లు వెతికినా కనిపించవు. చాలామంది అలసిపోయి వదిలేసేది అక్కడే.

జనరిక్ ఏబీఐలో నీకు కావాల్సింది నాలుగో అధ్యాయం, ఆబ్జెక్ట్ ఫైల్స్. ఐదోది ప్రోగ్రాం లోడింగ్, డైనమిక్ లింకింగ్. దాని జోలికి ఇప్పుడు పోకు. నువ్వు ఎగ్జిక్యూటబుల్ రాయడం లేదు కాబట్టి ప్రోగ్రాం హెడర్లు అసలు అవసరం లేదు, వాటి సంఖ్య సున్నా పెట్టెయ్.

ఇక 16, 24 సంగతి. ఎంట్రీ సైజు పెరగడమే కాదు, లోపలి ఫీల్డుల వరస కూడా మారింది. 32 బిట్‌లో పేరు, విలువ, సైజు, ఇన్ఫో, అదర్, సెక్షన్ నంబర్ ఇలా ఉంటుంది. 64 బిట్‌లో పేరు తర్వాత ఇన్ఫో, అదర్, సెక్షన్ నంబర్ వస్తాయి, 8 బైట్ల విలువ, సైజు చివరికి పోతాయి. పాత వరసే ఉంచితే 4 బైట్ల పేరు పక్కన 8 బైట్ల విలువ పడి మధ్యలో 4 బైట్లు ఖాళీ వదలాల్సి వచ్చేది. పాత పీడీఎఫ్ చూసి సైజులు మాత్రమే రెట్టింపు చేసుకుంటే ఫైల్ మొత్తం గజిబిజి అవుతుంది.

కాజీపేట_షంటింగ్ · శనివారం ఉదయం 8:02

సుబేదారి అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. నీ మెషీన్‌లోనే ఒక డాక్యుమెంట్ ఉంది. లైనక్స్ టెర్మినల్‌లో మ్యాన్ 5 ఎల్ఫ్ అని కొట్టు. 32, 64 రెండు రకాల స్ట్రక్చర్లూ పక్కపక్కన వస్తాయి. యూఎస్ఆర్ ఇన్‌క్లూడ్ ఫోల్డర్‌లో ఎల్ఫ్ డాట్ హెచ్ ఉంటుంది, నంబర్లన్నీ అందులోనే. ఎక్స్86-64 మెషీన్ నంబరు 62, ఆర్మ్ 64 బిట్‌ది 183, రిస్క్-ఫైవ్‌ది 243. నేను స్పెసిఫికేషన్ కంటే ఆ హెడర్ ఫైలే ఎక్కువ చదివాను.

అసలు గురువు మాత్రం రీడ్‌ఎల్ఫ్, ఎల్ఫ్ ఫైల్ లోపల ఏముందో చూపే కమాండ్. రెండు లైన్ల సీ ప్రోగ్రాం రాసి జీసీసీతో డాట్ ఓ వరకే చేయించు. దాన్ని హెక్స్‌డంప్‌లో (బైట్లను అంకెలుగా చూపే టూల్) తెరిచి, రీడ్‌ఎల్ఫ్ చెప్పేది పక్కన పెట్టుకుని, ఒక్కో బైట్ ఏమిటో కాగితం మీద రాసుకో. మొదటి నాలుగు బైట్లు 7ఎఫ్ 45 4సీ 46, అంటే ఒక గుర్తు, తర్వాత ఇ, ఎల్, ఎఫ్ అక్షరాలు. 64 బిట్ హెడర్ మొత్తం 64 బైట్లు. ఒక్కో సెక్షన్ హెడరూ 64 బైట్లే. ఒక ఆదివారం పెట్టుకుంటే అయిపోతుంది. ఆ తర్వాత స్పెసిఫికేషన్ చదివితే "ఓహో, ఇదా" అనిపిస్తుంది. ముందే చదివితే నిద్ర వస్తుంది.

రామగుండం_64 · శనివారం ఉదయం 10:30

విండోస్ మీద పని చేసేవాళ్లు కూడా ఉన్నారు ఇక్కడ. మైక్రోసాఫ్ట్ అన్నీ ఒకే పేజీలో పెట్టింది, పీఈ ఫార్మాట్ అనే పేరుతో. ఆబ్జెక్ట్ ఫైల్ అంటే అందులోని కాఫ్ భాగం చదివితే చాలు. ఫైల్ హెడర్ 20 బైట్లు, సెక్షన్ హెడర్ 40, సింబల్ 18, రీలొకేషన్ 10. 18, 10 అనేవి 4తో భాగింపబడవు కాబట్టి సీ స్ట్రక్చర్‌ను నేరుగా ఫైల్‌లో రాస్తే కంపైలర్ మధ్యలో ఖాళీ బైట్లు దూర్చేస్తుంది. నాకు ఒక వారం అందులోనే పోయింది.

హన్మకొండ_కోడర్ · శనివారం మధ్యాహ్నం 1:10

అందరికీ థాంక్స్. మ్యాన్ పేజీ ఇంత బాగుంటుందని తెలియదు. మ్యాక్ సంగతి ఏంటి? మా రూమ్మేట్ దగ్గర ఉంది, అడుగుతున్నాడు.

సుబేదారి · శనివారం మధ్యాహ్నం 1:35

మ్యాక్‌లో మాక్-ఓ ఫార్మాట్. ఆపిల్ ఒకప్పుడు దానికి మంచి రిఫరెన్స్ పెట్టింది, తర్వాత తన సైట్ నుంచి తీసేసింది. ఇప్పుడు హెడర్ ఫైళ్లే డాక్యుమెంట్ అనుకోవాలి. లోడర్ డాట్ హెచ్, ఎన్‌లిస్ట్ డాట్ హెచ్, రీలాక్ డాట్ హెచ్ ఈ మూడూ చదివితే ఆబ్జెక్ట్ ఫైల్‌కు సరిపోతుంది. కామెంట్లు బాగానే రాశారు. సీ ఫంక్షన్ పేర్ల ముందు అండర్‌స్కోర్ చేర్చడం మర్చిపోవద్దని చెప్పు మీ రూమ్మేట్‌కు.

పాత_ఫ్లాపీ · శనివారం సాయంత్రం 6:20

ఈ చర్చ చూస్తే ముచ్చటేసింది. మేం డాస్ మీద టర్బో సీ వాడే రోజుల్లో ఆబ్జెక్ట్ ఫైల్ అంటే ఇంటెల్ వారి ఓఎంఎఫ్. హెడర్లు, టేబుళ్లు అని ఉండవు, రికార్డుల వరస అంతే. ఒక బైట్‌లో రికార్డు రకం, రెండు బైట్లలో పొడవు, తర్వాత సరుకు, చివర చెక్‌సమ్. దాని వివరాల జిరాక్స్ ప్రతి ఒకటి ఎవరో తెస్తే, హన్మకొండ చౌరస్తాలో దానికి మళ్లీ జిరాక్స్ తీయించుకున్నాం. సగం పేజీల్లో అంచు అక్షరాలు పోయాయి. ఏ బిట్ ఎటో ఊహించి రాయాల్సి వచ్చేది. ఇప్పుడు మీకు సమాచారం తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది.

ఇంకో సరదా సంగతి. జీసీసీకి పేరు చెప్పకపోతే ఇప్పటికీ ఎ డాట్ అవుట్ అనే ఫైలే వస్తుంది కదా. అది యూనిక్స్ తొలి రోజుల ఫార్మాట్ పేరు. ఆ ఫార్మాట్‌ను 2022లో లైనక్స్ కెర్నల్ నుంచి పూర్తిగా తీసేశారు. పేరు మాత్రం మిగిలింది, లోపల ఉండేది ఎల్ఫ్.

హన్మకొండ_కోడర్ · ఆదివారం రాత్రి 9:45

కాజీపేట అన్న చెప్పినట్టే చేశా. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి అన్ని బైట్లూ అర్థమయ్యాయి. ఫైల్ రాశా. రీడ్‌ఎల్ఫ్ గొడవ చేయడం లేదు. కానీ ఎల్ఎల్‌డీ అనే లింకర్‌తో లింక్ చేస్తే సింబల్ టేబుల్‌లో ఎస్‌హెచ్ ఇన్ఫో ఫీల్డు చెల్లదు అంటోంది. అది సున్నా పెట్టా. సెక్షన్ గురించి అదనపు సమాచారం అని ఉంటే అక్కర్లేదనుకున్నా.

సుబేదారి · ఆదివారం రాత్రి 10:05

ఆ ఫీల్డు అర్థం సెక్షన్‌ను బట్టి మారుతుంది. నాలుగో అధ్యాయంలో దానికొక చిన్న పట్టిక ఉంది, అందరూ దాటేస్తారు. సింబల్ టేబుల్‌కు అయితే మొదటి గ్లోబల్ సింబల్ ఎన్నోదో ఆ నంబరు పెట్టాలి. అంటే లోకల్ సింబళ్లన్నీ ముందు, గ్లోబల్‌వి తర్వాత ఉండాలి. సున్నా నంబరు సింబల్ ఎప్పుడూ ఖాళీది, అది లోకల్ కిందికే వస్తుంది, కాబట్టి నీకు ఒక్క లోకల్ కూడా లేకపోయినా అక్కడ 1 ఉండాలి. ఎస్‌హెచ్ లింక్‌లో స్ట్రింగ్ టేబుల్ నంబరు.

రీలొకేషన్ సెక్షన్‌కు వచ్చేసరికి అవే రెండు ఫీల్డులు వేరే పని చేస్తాయి. లింక్‌లో సింబల్ టేబుల్ నంబరు, ఇన్ఫోలో ఏ సెక్షన్‌ను సవరించాలో దాని నంబరు.

హన్మకొండ_కోడర్ · ఆదివారం రాత్రి 10:50

లింక్ అయింది!! రన్ చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్. మెయిన్ నుంచి add అనే ఫంక్షన్‌ను పిలుస్తున్నా, అంతే. (ముందు ఇంగ్లిష్ పేర్లతోనే పరీక్షిస్తున్నా.) కాల్ ఉన్న చోటల్లా రీలొకేషన్ రాస్తున్నా, రకం 4, అడెండ్ (లింకర్ లెక్కలో కలిపే అంకె) 0.

కాజీపేట_షంటింగ్ · ఆదివారం రాత్రి 11:15

నేను ఊహించిన చోటే పడ్డావు. అడెండ్ మైనస్ 4 ఉండాలి.

ఎందుకో చెప్తా. పెళ్లి పత్రికలు అచ్చు వేయిస్తాం, "శ్రీ" అని పెట్టి పక్కన ఖాళీ వదులుతాం. ఇచ్చేటప్పుడు ఆ ఖాళీలో పేరు రాస్తాం. నీ కంపైలర్ కూడా ఇ8 అనే కాల్ బైట్ రాసి పక్కన 4 బైట్ల ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీ ఎక్కడుంది, ఎవరి పేరు రాయాలి అని లింకర్‌కు చెప్పే చీటీయే రీలొకేషన్. లింకర్ లెక్క సింబల్ అడ్రస్, దానికి అడెండ్ కలిపి, అందులోంచి ఖాళీ ఉన్న చోటు తీసేయడం. కానీ ప్రాసెసర్ దూరం కొలిచేది ఖాళీ మొదలైన చోటు నుంచి కాదు, కాల్ ఇన్‌స్ట్రక్షన్ ముగిసిన చోటు నుంచి. రెండింటికీ మధ్య సరిగ్గా 4 బైట్లు తేడా. అందుకే మైనస్ 4.

సున్నా పెడితే ఫంక్షన్ మొదలు దాటి 4 బైట్లు అవతలికి దూకుతుంది. నీ ఫంక్షన్ ఆర్‌బీపీ అనే రిజిస్టర్‌ను స్టాక్‌లోకి పుష్ చేసి, ఆర్‌ఎస్‌పీని ఆర్‌బీపీలోకి మూవ్ చేయడంతో మొదలవుతుంది కదా? ఆ బైట్లు 55, 48, 89, ఇ5. లెక్కపెట్టు, నాలుగే! అంటే ప్రోలాగ్ (ఫంక్షన్ మొదట్లో చేసే ఈ సన్నాహం) మొత్తం ఎగిరిపోయి, మిగతా కోడ్ మాత్రం ఏమీ జరగనట్టు నడుస్తుంది. చివర పాప్ చేసినప్పుడు తిరిగి వెళ్లాల్సిన అడ్రస్ కాస్తా ఆర్‌బీపీలోకి పోతుంది, రిటర్న్‌కు స్టాక్‌లో తర్వాత ఏది దొరికితే అదే గతి. నాకిది తెలియక ముందు నా కోడ్ జనరేటర్‌నే తిరగరాశాను. దాని తప్పేమీ లేదు పాపం.

రామగుండం_64 · ఆదివారం రాత్రి 11:30

కాఫ్‌లో అడెండ్ అనే ఫీల్డే లేదు. ఖాళీలో ముందే ఏ విలువ రాసి ఉంటే దాన్నే కలుపుకుంటుంది. ఆ మైనస్ 4 కూడా రీలొకేషన్ రకంలోనే కలిసి ఉంటుంది, మనం రాయక్కర్లేదు. ఎల్ఫ్ చదివి కాఫ్ రాసేవాళ్లు రెండుసార్లు తీసేస్తుంటారు.

హన్మకొండ_కోడర్ · సోమవారం రాత్రి 8:30

పని చేసింది అన్నా! 7, 8 ఇస్తే 15 వచ్చింది. హాస్టల్‌లో అరిచాను, పక్క రూమ్ వాళ్లు మ్యాచ్ అనుకుని పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు అసలు సమస్య. add తీసేసి నా భాషలో ఉండాల్సినట్టు "మొత్తం" అని ఫంక్షన్ పేరు పెట్టా. వెంటనే లింకర్ మెయిన్ కనిపించడం లేదంటోంది. నేను మెయిన్‌ను ముట్టుకోలేదు! రీడ్‌ఎల్ఫ్‌లో చూస్తే మొదటి సింబల్ "మొత్తం" సరిగ్గానే ఉంది. మెయిన్ ఉండాల్సిన చోట ఏవో రెండు చెత్త గుర్తులు, వాటి వెనక "్తం" అని వస్తోంది. ఎల్ఫ్‌లో తెలుగు పేర్లు పనికిరావా? అదే అయితే నా ప్రాజెక్టే పోయినట్టు.

జగిత్యాల_వాలా · సోమవారం రాత్రి 8:42

పేర్లను లోపల ఇంగ్లిష్‌లోకి మార్చేసుకో, ఎవరు చూడొచ్చారు.

సుబేదారి · సోమవారం రాత్రి 8:55

పనికిరాకపోవడం ఏమీ లేదు. ఎల్ఫ్‌కు పేరంటే సున్నా బైట్‌తో ముగిసే బైట్ల వరస, అంతే. ఏ భాషో దానికి పట్టదు. తప్పు నీ స్ట్రింగ్ టేబుల్‌లో ఉంది. హెక్స్‌డంప్ పెట్టు.

మగ్గం_సిరిసిల్ల · సోమవారం రాత్రి 9:20

నేను ఈ గ్రూపులో చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. కంపైలర్ సంగతి నాకు తెలియదు, సిరిసిల్లలో డీటీపీ షాపు నాది. (కాజీపేట అన్న చెప్పిన పెళ్లి పత్రికలు కొట్టేది మేమే.) కానీ ఆ "్తం" చూడగానే అనుమానం వచ్చింది. అది "మొత్తం"కు తోక కదా?

మా షాపుకు ఒకప్పుడు ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాం. పేరు గడికి 20 బైట్లు. ఇంగ్లిష్ పేర్లన్నీ పట్టేవి, తెలుగు పేరు కొడితే సగంలో తెగి, చివర ఇలాంటి చెత్తే వచ్చేది. అప్పుడు కూర్చుని లెక్కపెట్టా. "మొత్తం" కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో మ, ఒత్వం, త, పొల్లు, త, సున్నా, మొత్తం 6. ఫైల్‌లో యూటీఎఫ్-8గా దాచితే ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 18. తమ్ముడూ, నువ్వు ఎన్ని లెక్కపెట్టావు?

హన్మకొండ_కోడర్ · సోమవారం రాత్రి 9:34

అయ్యో.

6 లెక్కపెట్టా. పైథాన్‌లో లెన్ అడిగితే 6 అంది, అదే వాడా. మొదట సున్నా బైట్, తర్వాత 6, చివర ఇంకో సున్నా, కాబట్టి మెయిన్ 8 దగ్గర మొదలవుతుందని రాశా. నిజానికి 20 దగ్గర ఉంది. add అన్నప్పుడు అక్షరానికి ఒక బైటే కాబట్టి బయటపడలేదు.

కాజీపేట_షంటింగ్ · సోమవారం రాత్రి 9:41

భలే! 8 అంటే మొదటి "త" నట్టనడుమ. దాని మూడు బైట్లు ఇ0, బీ0, ఏ4. మొదటిది 7 దగ్గర ఉంది, నువ్వు బీ0 దగ్గర దిగావు. అందుకే రెండు చెత్త గుర్తులు, తర్వాత మిగిలిన "్తం". సిరిసిల్ల అన్నకు దండం. మా అందరికంటే ముందు పట్టారు.

తమ్మీ, పేరును ముందు యూటీఎఫ్-8లోకి ఎన్‌కోడ్ చెయ్, ఆ తర్వాతే పొడవు కొలువు. ఈ పనంతా పైథాన్ బైట్‌అరేతో చేస్తే పొరపాటుకు తావే ఉండదు. ఆఫ్‌సెట్ (మొదటి నుంచి దూరం) అని స్పెసిఫికేషన్‌లో ఎక్కడ కనిపించినా బైట్లే అనుకో.

రామగుండం_64 · సోమవారం రాత్రి 10:02

విండోస్ వెర్షన్ కూడా చేస్తే ఒకటి గుర్తు పెట్టుకో. కాఫ్ సింబల్‌లో పేరుకు 8 బైట్లే. తెలుగులో రెండు కోడ్‌లకే 6 అయిపోతాయి, మూడోది పట్టదు. దాదాపు ప్రతి పేరూ స్ట్రింగ్ టేబుల్‌లోకి పోవాల్సిందే. పేరు స్థానంలో మొదటి 4 బైట్లు సున్నాలు, తర్వాతి 4 బైట్లలో ఆఫ్‌సెట్. ఆ ఆఫ్‌సెట్ లెక్క టేబుల్ మొదటి నుంచి, అక్కడ సైజు కోసం ఉండే 4 బైట్లను కూడా కలిపి. అంటే మొదటి పేరు ఆఫ్‌సెట్ 4.

పాత_ఫ్లాపీ · సోమవారం రాత్రి 10:20

ఓఎంఎఫ్‌లో పేరు ముందు దాని పొడవు ఒక బైట్‌లో రాసేవాళ్లం. మాకు అప్పుడు అక్షరం అన్నా బైట్ అన్నా ఒకటే. తెలుగు పేరు పెట్టవచ్చన్న ఆలోచన కూడా రాలేదు.

హన్మకొండ_కోడర్ · మంగళవారం ఉదయం 6:50

రాత్రే సరిచేశా. ఎన్ఎం (సింబళ్ల పేర్లు చూపే కమాండ్) కొడితే టెర్మినల్‌లో "మొత్తం" అని వస్తోంది, పక్కన మెయిన్. స్క్రీన్‌షాట్ తీసి అమ్మకు పంపా. ఏం అర్థమైందో కానీ బాగుందంది.

గ్నూ లింకర్‌తో చేస్తే ఒక్క వార్నింగ్ మిగిలింది, నోట్ గ్నూ స్టాక్ సెక్షన్ లేదని.

సుబేదారి · మంగళవారం ఉదయం 7:30

ఆ పేరుతో సైజు సున్నా ఉన్న సెక్షన్ ఒకటి చేర్చు. నీ కోడ్‌కు స్టాక్ మీద ఇన్‌స్ట్రక్షన్లు నడపాల్సిన అవసరం లేదని చెప్పడం దాని పని. ఇది జనరిక్ ఏబీఐలో ఉండదు, గ్నూ వాళ్ల అలవాటు. ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి, తగిలినప్పుడు అడుగు.

హన్మకొండ_కోడర్ · మంగళవారం ఉదయం 7:44

అక్కా, ఇంకొక్కటే. జీడీబీ డీబగ్గర్‌లో నా తెలుగు ప్రోగ్రాం లైన్ నంబర్లు కనిపించాలంటే డ్వార్ఫ్ అని ఏదో డీబగ్ సమాచారం రాయాలంటున్నారు. దాని డాక్యుమెంట్...

సుబేదారి · మంగళవారం ఉదయం 7:46

రివ్యూ అయ్యాక వేరే థ్రెడ్ పెట్టు.

జగిత్యాల_వాలా · మంగళవారం ఉదయం 7:52

అసెంబ్లీ టెక్స్ట్ రాసి ఉంటే డాట్ ఫైల్, డాట్ లాక్ అని రెండు డైరెక్టివ్‌లతో పోయేది 😄